ఉసురు ఎవరికి తగిలింది?

సరుకు అడిగితే విసుక్కుని, అరగంట నిలబెట్టి, చివరికి లేదని పంపించేసే దుకాణం నుంచి బయటికొస్తూ ఎవరైనా అనుకునే మాట ఒకటుంది: వీళ్లు ఎన్నాళ్లో నిలవరు. ఆ దుకాణం నిజంగానే ఐపీ పెట్టి తలుపులు మూసేస్తే మనకు తృప్తి కలగాలి. కానీ అది మన అభిరుచికి సరుకు అమ్మే దుకాణమైతే లెక్క అంత తేలిగ్గా తేలదు. అమెరికాలో కుట్టుపని, అల్లికలు ఇష్టపడే లక్షలమంది 2025లో ఈ చిక్కులోనే పడ్డారు. జోయాన్ అనే బట్టల, చేతిపనుల సామగ్రి సంస్థ ఆ ఏడాది జనవరి 15న, పది నెలల్లో రెండోసారి, దివాలా కోర్టుకెక్కింది. దేశమంతా ఉన్న దాదాపు 800 దుకాణాలూ మే నెలాఖరుకల్లా మూతపడ్డాయి. సుమారు 19,000 మంది ఉద్యోగాలు పోయాయి. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ దుకాణాల తీరు మీద చిరాకు పడ్డవాళ్లలో కొందరు తగిన శాస్తి జరిగిందన్నారు, కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఈ రెండూ కలిపి చేసినవాళ్లూ తక్కువేం కాదు. ఆ కోపానికీ ఆ దుఃఖానికీ వేరు ఒక్కటేనని నా వాదన. కోపం మాత్రం తప్పు ఇంటి తలుపు తట్టింది.

జోయాన్ కథ 1943లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. జర్మనీ నుంచి వలస వచ్చిన రెండు కుటుంబాలు కలిసి పెట్టిన బట్టల కొట్టు అది. ఆ ఇళ్ల ఆడపిల్లల పేర్లు కలిపి తర్వాత దానికి జో-ఆన్ అని పేరు పెట్టుకున్నారు. మన ఊళ్లలో చీర పట్టుకెళ్తే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్సు, హుక్కులు ఒక్కచోటే దొరికే మ్యాచింగ్ సెంటర్‌ను సూపర్ మార్కెట్టంత పెద్దది చేసి, అందులోనే ఊలు దారాలు, పూసలు, రంగులు, కుట్టు మిషన్లు, కాగితం మీద అచ్చువేసిన కటింగ్ నమూనాలు కూడా పెడితే జోయాన్ అవుతుంది. 1998లో హౌస్ ఆఫ్ ఫ్యాబ్రిక్స్ అనే పోటీ సంస్థను అది కొనేసింది. మరో పోటీదారు హ్యాంకాక్ ఫ్యాబ్రిక్స్ 2007లో ఒకసారి, 2016లో ఇంకోసారి దివాలా తీసి కనుమరుగైంది. బట్ట కోసివ్వడానికి మనిషి కావాలి, చోటు కావాలి, లాభం చూస్తే అంతంతమాత్రం. అందుకే వాల్‌మార్ట్ కూడా 2000ల దశకంలో చాలా దుకాణాల్లో ఆ కౌంటర్లు ఎత్తేసింది. అలా ఎన్నో చిన్న పట్టణాల్లో బట్టను చేత్తో తడిమి చూసి కోయించుకోవాలంటే జోయాన్ తప్ప దిక్కు లేకుండా పోయింది. తర్వాత వచ్చిన కోపాన్నీ దుఃఖాన్నీ అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆ దుకాణంలో అసలు వ్యవహారమంతా కటింగ్ కౌంటర్ దగ్గర నడిచేది. కొనేవాళ్లు అరల్లోంచి తానులు ఎత్తుకొచ్చి, నంబరు చీటీ తీసుకుని, తమ నంబరు పిలిచేదాకా తోపుడుబండి పట్టుకుని నిలబడాలి. కౌంటర్ అవతలి మనిషి తాను దొర్లించి, బల్ల అంచున ఉన్న గజం గుర్తుల మీద కొలిచి, కత్తెరతో తిన్నగా కోసి, మడతపెట్టి, ఎంత కోశారో రాసిన చీటీ అంటించి ఇస్తారు. ఒక్కొక్కరి చేతిలో నాలుగైదు తానులుంటాయి. ఇద్దరు ముగ్గురు కోస్తుంటే సాఫీగా సాగిపోయే పని ఇది. ఒక్క మనిషే ఉండి, ఆ మనిషే మధ్యలో డబ్బు కౌంటర్‌కు కూడా పరుగెత్తాల్సి వస్తే, వరస అక్కడే స్తంభించిపోతుంది. చివరి ఏళ్లలో జనం చేసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. దీనికి తోడు ఖాళీ అరలు, ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డరు రద్దయిందని వచ్చే సందేశాలు, నిన్నటి కూపన్ ఇవాళ ఈ సరుకుకు చెల్లదనే జవాబులు. ఇవేవీ ప్రాణం మీదికొచ్చే కష్టాలు కావు. అయినా వాటి మీద పుట్టిన కోపం మామూలు కిరాణా కొట్టు మీద పుట్టే కోపం కంటే చాలా ఎక్కువ.

ఎందుకు ఎక్కువంటే, అభిరుచి సరుకు ఎప్పుడూ సగం సరుకే. కందిపప్పు కొంటే వండుకుని తినేస్తాం, బేరం అక్కడితో సరి. మూడు గజాల నూలు బట్ట కొన్న మనిషి మాత్రం కొన్నది బట్ట కాదు, ఇంకా పుట్టని ఒక బొంతను. మిగతా సగం ఆమె చేతిలో, ఆమె సెలవు రోజుల్లో, ఆమె ఓపికలో ఉంది. మనిషి తన చేత్తో చేసుకున్నదానికి ఎక్కువ విలువ కడతాడని మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఆరియెలీ 2012లో ఒక పరిశోధనా పత్రంలో చూపించారు. కాగితం మడిచి బొమ్మలు చేసిన కొత్తవాళ్లు, వంకరటింకరగా వచ్చిన తమ బొమ్మలకు నిపుణులు చేసినవాటితో దాదాపు సమానమైన ధర కట్టారు. ఆ విలువలో కొంత భాగం సామగ్రి ఇచ్చిన దుకాణానికి కూడా అంటుకుంటుంది. పైగా చేతిపని అంటే మళ్లీ మళ్లీ రావాల్సిన పని. స్వెటరు సగం అల్లాక ఊలు చాలకపోతే అదే రంగు నంబరు దొరికినంత మాత్రాన సరిపోదు, అదే డై లాట్ కావాలి. ఒక విడత రంగు వేసినదానికీ మరో విడత వేసినదానికీ ఛాయలో తేడా వస్తుంది, ఛాతీ భాగం ఒకలా, చేతులు మరోలా తేలతాయి. అంటే దుకాణం రేపు కూడా ఉంటుందన్న నమ్మకం మీదే ఇవాళ్టి కొనుగోలు ఆధారపడి ఉంటుంది. ఆ దుకాణం సరిగ్గా పనిచేయకపోతే నా పనికి అడ్డం పడుతున్నారని కోపం వస్తుంది. అదే దుకాణం పూర్తిగా పోతే నా పని ఆగిపోయిందన్న దుఃఖం వస్తుంది. కోపమూ దుఃఖమూ ఒకే సగం బొంత చుట్టూ తిరుగుతున్నాయి.

అంత కోపం ఉంటే మానేసి ఇంకోచోటికి పోవచ్చుగా అని అడగొచ్చు. పోయినవాళ్లు పోయారు. ఎవరు పోయారన్నదే ఇక్కడ ముఖ్యం. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో, నాణ్యత పడిపోతున్న సంస్థ నుంచి జనం ఎలా తప్పుకుంటారు, ఎలా నోరు విప్పుతారు అన్న విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. నైజీరియా రైల్వేల తీరు చూసి ఆయనకు ఆ ఆలోచన పుట్టింది. రైళ్లు అధ్వానంగా నడుస్తుంటే పక్కనే లారీలు పోటీకొచ్చాయి. పోటీ వస్తే రైళ్లు బాగుపడాలి కదా, పడలేదు. నాణ్యత గురించి ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్లు, అంటే గట్టిగా నిలదీయగలిగినవాళ్లే, ముందుగా లారీలకు మారిపోయారు. రైళ్లతో మిగిలినవాళ్లకు నిలదీసే బలం లేదు. జోయాన్ దగ్గర జరిగింది దీనికి దగ్గరి చుట్టమే. మేలిరకం నూలు కావాలనుకునే బొంతల నిపుణులు విడిగా ఉన్న చిన్న దుకాణాలకు మారారు. దుస్తులు కుట్టేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నేర్చారు. చివరిదాకా మిగిలింది చిన్న పట్టణాలవాళ్లు, ఖరీదైన బట్ట కొనలేనివాళ్లు, రేపటి పిల్లల నాటకానికి ఇవాళ సాయంత్రమే జిప్పు కావాల్సినవాళ్లు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు. వేరే దారి లేదు కాబట్టి ఖాళీ అరను ఎక్కువసార్లు చూసింది వాళ్లే, వరసలో ఎక్కువసేపు నిలబడిందీ వాళ్లే. మూతపడితే ఎక్కువ నష్టం కూడా వాళ్లదే. ఒకే నోట శాపమూ ఏడుపూ రావడంలో వింత లేదు.

ఇక ఆ కోపం ఎవరి మీదికి పోయిందో చూద్దాం. కౌంటర్ దగ్గర ఒక్క మనిషే ఉంటే, కనిపించేది ఆ ఒక్క మనిషి. అక్కడ ఉండాల్సిన రెండో మనిషి జీతం ఎటు పోయిందో కనిపించదు. ఇలాంటి గొలుసు దుకాణాల్లో వారానికి ఇన్ని పని గంటలని ప్రధాన కార్యాలయం కేటాయిస్తుంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు అద్దె తగ్గదు, వడ్డీ తగ్గదు, వెంటనే తగ్గేవి ఆ పని గంటలే. జోయాన్‌కు వడ్డీ ఎక్కడిదంటే, 2011లో లెనర్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంది. ఇలాంటి కొనుగోళ్ల పద్ధతి ప్రకారం ఆ సొమ్ములో పెద్ద భాగం అప్పు తెచ్చి, ఆ అప్పును కొన్న సంస్థ నెత్తినే పెట్టారు. కొనేవాడు తెచ్చిన అప్పు కొనబడ్డవాడు తీర్చాలన్నమాట. ఇల్లు కొనేవాళ్లకు ఈ సౌకర్యం ఎవరూ ఇవ్వరు. 2020లో కరోనా వచ్చి జనం ఇళ్లలో మాస్కులు కుట్టడం మొదలుపెట్టినప్పుడు అమ్మకాలు ఎగిశాయి. ఆ ఊపులో 2021 మార్చిలో షేరు 12 డాలర్ల చొప్పున మార్కెట్లో అమ్మారు. జనం మళ్లీ బయట తిరగడం మొదలయ్యాక అమ్మకాలు పడ్డాయి, ఓడల రవాణా ఖర్చులు పెరిగాయి. 2022 మార్చి నుంచి అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ రేటును దాదాపు సున్నా నుంచి, ఏడాదిన్నర తిరగకుండానే 5 శాతం పైకి తీసుకెళ్లింది. 2024 మార్చి 18న మొదటిసారి కోర్టుకెళ్లేనాటికి జోయాన్ అప్పు వంద కోట్ల డాలర్లు దాటింది.

ఆ మొదటిసారి కోర్టుకెళ్లినప్పుడు సంస్థ ఒక మాట చెప్పింది: తమ దుకాణాల్లో 95 శాతానికి పైగా నిర్వహణ ఖర్చులు పోను నగదు తెస్తున్నాయని. ఇది సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాట. కోర్టుకెళ్లేవాళ్లు తమ ఆరోగ్యం గురించి కాస్త ఎక్కువే చెప్పుకుంటారు కాబట్టి పిసరంత తగ్గించుకునే చదవాలి. తగ్గించుకున్నా విషయం మారదు. విసుగు పుట్టించే కౌంటర్లు, వరసలు, ఖాళీ అరలు అన్నీ ఉండి కూడా దుకాణాలు తమ తిండి తాము సంపాదించుకుంటున్నాయి. సేవ బాగోలేదని అలిగిన జనం దాన్ని చంపేశారన్న కథకు ఈ ఒక్క లెక్క చాలు ఎదురు నిలబడటానికి. ఆ ఏప్రిల్‌లో 50 కోట్ల డాలర్ల దాకా అప్పు తగ్గించుకుని బయటికొచ్చిన సంస్థ, 2025 జనవరిలో మళ్లీ వెళ్లేసరికి ఇంకా 61 కోట్ల డాలర్లకు పైగా బాకీ ఉంది. ఈసారి చెప్పిన కారణాల్లో, కొందరు సరఫరాదారులు కొన్ని సరుకుల తయారీ తగ్గించేశారనీ, కొన్నింటిని ఆపేశారనీ కూడా ఉంది. ఒకసారి దివాలా తీసిన సంస్థకు సరుకు అప్పుగా ఇవ్వడానికి ఎవరికైనా చెయ్యి రాదు. అర ఖాళీ అయితే కొనేవాళ్లకు కోపం వచ్చింది. కోపం వచ్చినవాళ్లు తగ్గితే నగదు తగ్గింది, నగదు తగ్గితే ఇంకో అర ఖాళీ అయింది.

దీనికి అభ్యంతరాలున్నాయి, వాటిలో బలమైనవీ ఉన్నాయి. మొదటిది, ఆన్‌లైన్ అంగళ్లు, చైనా నుంచి నేరుగా వచ్చే చౌక సరుకు ఇలాంటి దుకాణాలను ఎటూ మింగేసేవే, అప్పును ఆడిపోసుకోవడం దేనికని. పోటీ నిజమే. కానీ అదే గాలివానలో హాబీ లాబీ అనే సంస్థ నిలబడింది. 1972లో ఓక్లహోమా సిటీలో మొదలై ఇప్పటికీ ఒక కుటుంబం చేతిలోనే ఉన్న ఆ సంస్థ బట్ట కూడా కోసి అమ్ముతుంది. 2005లో 660 కోట్ల డాలర్లకు చేతులు మారి, దాదాపు 500 కోట్ల డాలర్ల అప్పు మోస్తూ వచ్చిన టాయ్స్ ఆర్ అస్ బొమ్మల దుకాణాలు 2017లో ఇదే పద్ధతిలో కోర్టుకెళ్లి, మరుసటి ఏడాది అమెరికా అంతటా మూతపడ్డాయి. గాలివాన అందరికీ వస్తుంది, అప్పు ఉన్న ఇంటికి పైకప్పు బాగు చేయించుకోవడానికి డబ్బుండదు. రెండో అభ్యంతరం, ఆ పెట్టుబడిదారులు కూడా నష్టపోయారు కదా అని. అదీ నిజమే. 2024 నాటి మొదటి దివాలాతో పాత షేర్లకు విలువ లేకుండా పోయింది, సంస్థ అప్పిచ్చినవాళ్ల చేతికి వెళ్లింది. అయితే వందల పెట్టుబడుల్లో ఒకటి మునిగినవాళ్ల నష్టమూ, ఉన్న ఒక్క ఉద్యోగం పోయిన కౌంటర్ మనిషి నష్టమూ ఒక తాసులో తూగవు. మూడోది, కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డ మనిషి సంస్థ బ్యాలెన్స్ షీటు చదివి కోప్పడాలా అని. అక్కర్లేదు. ఆమె కోపం పూర్తిగా న్యాయం. అమ్మకందారు అప్పుల గోడు వినాల్సిన బాధ్యత కొనేవాళ్లకు లేదు. నేను చెప్పేది ఆ కోపం చేరాల్సిన చిరునామా గురించే.

నాలుగో అభ్యంతరం కొంచెం ఎత్తిపొడుపు మాట. ఇంతమంది ఏడుస్తున్నారు, వీళ్లంతా వచ్చి కొని ఉంటే దుకాణం మూతపడేదా అంటారు కొందరు. ఏ పాత సినిమా హాలు మూతపడినా మన ఊళ్లలోనూ వినిపించే మాటే ఇది. జోయాన్ విషయంలో మాత్రం ఇది పొసగదు. చివరి ఏళ్లలో కూడా ఆ సంస్థ అమ్మకాలు ఏటా 200 కోట్ల డాలర్లకు పైనే. జనం వచ్చారు, కొన్నారు, వరసలో నిలబడ్డారు. వాళ్లు ఇచ్చిన డబ్బులో కొంత రెండో కత్తెరకు పోవాల్సింది పోయి వడ్డీకి పోయింది. ఏడుస్తున్నవాళ్లను దొంగ ఏడుపని దెప్పడం గోడదెబ్బ తగిలినవాళ్లకు చెంపదెబ్బ వేయడమే.

చెంపదెబ్బ మాట ఎలా ఉన్నా, గిఫ్ట్ కార్డు దెబ్బ మాత్రం చాలామందికి నిజంగానే తగిలింది. 2025 ఫిబ్రవరిలో వేలంలో జీఏ గ్రూప్ అనే సరుకు అమ్మిపెట్టే సంస్థ, అప్పిచ్చినవాళ్లతో కలిసి జోయాన్ ఆస్తులు దక్కించుకుంది. అన్ని దుకాణాలూ మూసేస్తామన్నారు. గిఫ్ట్ కార్డులు ఫిబ్రవరి 28 దాకానే చెల్లాయి. ఆ తర్వాత అది ఒక ప్లాస్టిక్ ముక్క. గిఫ్ట్ కార్డు అంటే కొనేవాళ్లు దుకాణానికి వడ్డీ లేకుండా ఇచ్చిన చిన్న అప్పని ఆ రోజు దాకా ఎవరూ అనుకోరు. దివాలా చట్టంలో ఆస్తి తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లు ముందు, మిగతావాళ్లు తర్వాత. సరుకు కోసం ముందే డబ్బు కట్టిన మామూలు కొనుగోలుదారులకు అమెరికా చట్టం కొంత ముందు వరస ఇచ్చింది, అప్పటి లెక్కన ఒక్కొక్కరికి 3,350 డాలర్ల దాకా. అయితే గిఫ్ట్ కార్డు అలాంటి ముందస్తు డబ్బేనా కాదా అన్నదాని మీద అక్కడి దివాలా కోర్టులే రెండు రకాలుగా తీర్పులిచ్చాయి. ఇరవై అయిదు డాలర్ల కార్డు కోసం లాయరును ఎవరు పెట్టుకుంటారు? సేవ బాగోలేకపోయినా ఆ దుకాణాన్నే నమ్మి, పుట్టినరోజుకు ఆ కార్డే బహుమతిగా ఇచ్చినవాళ్లది అసలైన అభిమానం. వరసలో వెనక నిలబడాల్సి వచ్చిందీ వాళ్లే.

మూసివేత అమ్మకాలు ఇంకో వింత. అన్నేళ్లూ నలభై శాతం కూపన్లకు అలవాటు పడిన జనం, ‘అంతా అమ్మేస్తున్నాం’ బోర్డులు చూసి పరుగెత్తుకొచ్చారు. తొలి వారాల్లో తగ్గింపు పూర్తి ధర మీద లెక్కగట్టింది, కూపన్లు చెల్లవు, కొన్నది వాపసు లేదు. కూపన్ రోజుల్లో కొన్నప్పటికంటే ఎక్కువే ఇస్తున్నామా అని లెక్కలు వేసుకున్నవాళ్లు చాలామంది. ఇదే అదనుగా జోయాన్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చి నమ్మశక్యం కాని ధరలు చూపించాయి, సంస్థే జాగ్రత్తపడమని చెప్పాల్సి వచ్చింది. చివర్లో అరలు, బల్లలతో సహా అమ్మకానికి పెట్టారు. ఈ దశలో కొనేవాళ్ల మనసు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చౌకగా దొరికిందన్న సంతోషమూ, చావింట్లో సామాను మోసుకుపోతున్నామన్న సిగ్గూ ఒకే బండిలో పడతాయి. నెల తిరిగేసరికి ఉద్యోగం పోయే మనిషే ఆ బట్ట కోసి ఇస్తున్నారు. ఇంకాస్త తగ్గించమని ఆ మనిషిని అడిగేవాళ్లకు తెలియని సంగతి, ఆ ధర పెట్టింది ఆమె కాదని.

ఇవన్నీ తప్పనివేనా? కాదనడానికి జర్మనీలో ఒక ఉదాహరణ ఉంది. గోపింగన్ అనే ఊళ్లో 1859లో పుట్టిన మెర్క్‌లిన్ బొమ్మ రైళ్ల కంపెనీ కూడా ఇలాగే 2006లో కింగ్స్‌బ్రిడ్జ్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. సలహాదారుల ఫీజులకే కోట్లు పోశారు. సరిగ్గా 150వ ఏట, 2009 ఫిబ్రవరిలో, దివాలా ప్రకటించింది. కానీ కోర్టు నియమించిన నిర్వాహకుడు కంపెనీని ముక్కలుగా అమ్మలేదు, నడిపించాడు. అభిమానులు రైళ్లు కొంటూనే ఉన్నారు. అప్పులిచ్చినవాళ్లతో ఒప్పందం కుదిరి దివాలా ప్రక్రియ ముగిసింది. 2013లో ఒక బొమ్మల వ్యాపార కుటుంబం దాన్ని కొని నడుపుతోంది. పట్టాలు, ఇంజన్లు ఒక కంపెనీవే కూడబెట్టుకున్నవాళ్లు ఆ కంపెనీ బతకాలని కోరుకోవడంలో స్వార్థం ఉంది, ఆ స్వార్థమే దాన్ని బతికించింది. అభిరుచి ఉన్నవాళ్ల మొండి అభిమానం లెక్కల పుస్తకంలో రాయగలిగిన ఆస్తే. దాన్ని వాడుకోవడానికి ఎవరైనా కొంత సమయం ఇవ్వాలి. జోయాన్‌కు ఆ సమయం దొరకలేదు.

దొరకనందుకు మిగిలినవేమిటంటే, 2025 జూన్‌లో మైకేల్స్ అనే సంస్థ జోయాన్ పేరునూ, దాని సొంత బ్రాండ్లనూ కొనుక్కుంది. వాటిలో బిగ్ ట్విస్ట్ అనే ఊలు దారం ఒకటి. 2016లో హ్యాంకాక్ పోయినప్పుడు దాని పేరు కొన్నదీ మైకేల్సే. తమ దుకాణాల్లో బట్టల అరలు పెంచుతామంది, మంచిదే. అయితే మైకేల్స్ కూడా 2021లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లినదే. కొత్త కౌంటర్ దగ్గర ఎందరు కత్తెర పట్టుకుంటారో చూడాలి. సింప్లిసిటీ, మెకాల్స్ వంటి పేర్లతో కటింగ్ నమూనాలు అచ్చువేసి జోయాన్‌కు పెద్ద ఎత్తున అమ్మిన సంస్థ కూడా జులైలో దివాలా కోర్టుకెక్కింది. ఒక దుకాణం పోతే దాని వెనకున్న అచ్చు యంత్రం దాకా కదులుతుంది. సేవ బాగోలేదని శపించినవాళ్లెవరూ కోరుకున్నది ఇది కాదు.

మన దగ్గర ఇలాంటిది జరిగితే చట్టం కొనేవాళ్లను ఎక్కడ నిలబెడుతుందో తెలుసుకోవడం మంచిది. 2016 నాటి దివాలా చట్టంలో ఇళ్లు కొన్నవాళ్లకు 2018లో అప్పిచ్చినవాళ్లతో సమాన హోదా ఇచ్చారు. అపార్ట్‌మెంట్ల కోసం డబ్బు కట్టి ఎదురుచూసిన హైదరాబాద్, విజయవాడ వాసులకు ఇది తెలిసిన సంగతే. కుట్టు మిషనుకో కెమెరాకో అడ్వాన్సు కట్టినవాళ్లకు ఆ హోదా లేదు. సరుకు కోసం అడ్వాన్సు ఇచ్చినవాళ్లను ఆపరేషనల్ క్రెడిటర్లుగా, అంటే సరుకు, సేవల లావాదేవీల్లో బాకీ రావాల్సినవాళ్లుగా, లెక్కించవచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కానీ వాళ్లకు అప్పిచ్చినవాళ్ల కమిటీలో ఓటుండదు. కంపెనీ మీద తామే దివాలా కేసు వేయాలంటే బాకీ కోటి రూపాయలుండాలి. ఒక దుకాణం తన దగ్గరే చెల్లేలా ఇచ్చే గిఫ్ట్ కార్డులు రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేనివి, అంటే వాటి మీద దాని నిఘా కూడా లేనట్టే. అందుకని వాడని గిఫ్ట్ కార్డు ఇంట్లో ఉంటే వెంటనే వాడేయండి, అడ్వాన్సు కడితే రసీదు పారేయకండి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు క్లెయిములు వేసుకోమని ఒక ఇంగ్లిషు పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన ఇస్తారు. ఎవరికి పంపాలో, గడువు ఎప్పుడో అందులోనే ఉంటుంది.